మీ ఊరి వికీపీడియా పేజీని బాగుచెయ్యడం ఎలా?

"మా ఊరి గురించి వికీపీడియాలో రాశానండీ. సాయంత్రానికల్లా తీసేశారు. ఎవరికి ఫోన్ చెయ్యాలి?"

నెలకు రెండుసార్లయినా ఈ ప్రశ్న నా దాకా వస్తుంది. ఒకసారి ఆమదాలవలస నుంచి, ఒకసారి రాజాం నుంచి, మరోసారి గజపతినగరం నుంచి. ఫోన్ చెయ్యడానికి అక్కడ ఎవరూ ఉండరు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, ఇప్పుడు అందులో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. రాసేవాళ్లూ, దిద్దేవాళ్లూ, చెత్త ఊడ్చేవాళ్లూ అందరూ జీతం లేని వాళ్లే. మీరు రాసింది తీసేసినాయన కూడా ఉద్యోగం నుంచి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషే అయ్యుంటాడు. మీ మీద ఆయనకు కోపమేమీ లేదు. మీరు రాసినదానికి ఆధారం కనబడక తీసేసి ఉంటాడు.

నా మొదటి దిద్దుబాటుకీ అదే గతి పట్టింది. మా ఊరి గుడి దగ్గర పంచిపెట్టిన స్థలపురాణం కరపత్రాన్ని అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి పెట్టాను. రాత్రి రెండు గంటలు పట్టింది. తెల్లారేసరికి లేదు. రెండు రోజులు అలిగి, మూడో రోజు ఎందుకు తీశారో చదివాను. అప్పటి నుంచి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

ఫోన్‌తో పని మొదలుపెట్టొచ్చు గానీ, గంటసేపు కూర్చుని రాయాలంటే కంప్యూటరే సుఖం. తెలుగు టైపింగ్ రావాలి. ఫోన్‌లో గూగుల్ కీబోర్డు చాలు. కంప్యూటర్‌లో అయితే వికీపీడియాలోనే టైపింగ్ సదుపాయం ఉంది. రాసే పెట్టెలో క్లిక్ చేసి కంట్రోల్, ఎం కలిపి నొక్కితే తెలుగు వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది. వీటితో పాటు మీ ఊరి గురించి ఎక్కడైనా అచ్చయిన కాగితం ఒక్కటైనా కావాలి. అది లేకుండా మొదలుపెట్టకండి.

1. కొత్త పేజీ పెట్టకండి, ఉన్నదాన్ని వెతకండి

రెవెన్యూ గ్రామాలకు చాలావరకు తెలుగు వికీలో ఇప్పటికే పేజీలున్నాయి. కనబడలేదని కొత్తది పెడితే ఒకే ఊరికి రెండు పేజీలవుతాయి, రెండోది తీసేస్తారు. కనబడకపోవడానికి సాధారణంగా మూడు కారణాలుంటాయి.

మొదటిది స్పెల్లింగు. పేజీ ఎవరో ఇంగ్లీషు జాబితా చూసి మొదలుపెట్టి ఉండొచ్చు. అలాంటప్పుడు ఎచ్చెర్ల కాస్తా "ఎట్చెర్ల", బూర్జ కాస్తా "బుర్జా" అయిపోతాయి. ల, ళ తేడాతోనూ, న, ణ తేడాతోనూ, దీర్ఘం తీసేసీ వెతికి చూడండి. రెండోది సున్న. కొందరు "శ్రీకాకుళం" అని రాసేటప్పుడు చివర తెలుగు సున్నకు బదులు అంకెల సున్నా కొడతారు. కంటికి తేడా తెలియదు గానీ కంప్యూటర్‌కు అది వేరే మాట.

మూడోది ఒకే పేరున్న ఊళ్లు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పేటలకూ, వలసలకూ, పురాలకూ లెక్కలేదు కదా. అందుకే ఊరి పేరు పక్కన కుండలీకరణాల్లో మండలం పేరు పెడతారు. ఊరి పేరు ఒక్కటే కొడితే ఆ పేరున్న ఊళ్లన్నీ చూపించే "అయోమయ నివృత్తి" పేజీ రావచ్చు. అందులో మీ మండలం చూసుకుని వెళ్లండి. ఇక్కడే చాలామంది పొరబడి పక్క మండలంలోని ఊరికి మన ఊరి వివరాలు ఎక్కిస్తారు.

మీది రెవెన్యూ గ్రామం కాకుండా శివారు పేట అయితే, దాని గురించి ప్రధాన గ్రామం పేజీలో ఒక పేరా రాయడం మేలు. వేరే పేజీ కోసం పట్టుబట్టకండి.

2. ఖాతా తెరవండి

పేరు, పాస్‌వర్డు చాలు. ఈమెయిల్ తప్పనిసరి కాదు గానీ, ఇవ్వకపోతే పాస్‌వర్డు మరచిపోయిన రోజున ఆ ఖాతా మీద ఆశ వదులుకోవాలి. సంఘం పేరో, దుకాణం పేరో, ట్రస్టు పేరో ఖాతాకు పెట్టకండి. ఒక ఖాతా ఒక మనిషిది. మీ అసలు పేరే ఉండాలని లేదు.

కాలేజీలో పిల్లలను కూర్చోబెట్టి ఈ పని చేయించాలనుకునే లెక్చరర్లకు ఒక మాట. ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి రోజుకు ఆరు ఖాతాలకు మించి తెరవనివ్వదు. ఏడో పిల్లాడి దగ్గర ఆగిపోతుంది, హాలంతా గోల. ముందురోజే ఎవరి ఫోన్లో వాళ్లను ఇంటి దగ్గర ఖాతా తెరుచుకుని రమ్మనండి.

3. దిద్దే ముందు చదవండి, తప్పులు కాగితం మీద రాసుకోండి

ఊళ్ల పేజీల్లో చాలావాటికి పునాది 2011 జనగణన. ఇళ్లెన్ని, జనాభా ఎంత, బడి ఎంత దూరం, భూమి ఎలా వాడుతున్నారు అన్నవి ఒకే మూసలో ఉంటాయి. చదవడానికి చప్పగానే ఉంటుంది. అయినా దాన్ని చెరిపెయ్యకండి, అది ఆధారమున్న సమాచారం. మీ పని దాని మీద కట్టడం.

మన వైపు పేజీల్లో ముందు చూడాల్సింది జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చాయి. పాలకొండ, వీరఘట్టం, సీతంపేట, భామిని కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. విజయనగరం నుంచి పార్వతీపురం, సాలూరు వైపు మండలాలు కూడా అందులోకే పోయాయి. ఒకే పేజీలో పై వాక్యంలో కొత్త జిల్లా, కింద పెట్టెలో పాత జిల్లా ఉండటం మామూలే.

అయితే "శ్రీకాకుళం" అని ఉన్న ప్రతిచోటా "విజయనగరం" అని మార్చుకుంటూ పోకండి. 2011 జనగణన పుస్తకం పేరులో ఉన్న శ్రీకాకుళం అలాగే ఉండాలి, ఎందుకంటే ఆ పుస్తకం పేరే అది. రాజాం మండలంలోని ఊరి జనాభా కావాలన్నా ఈనాటికీ శ్రీకాకుళం జిల్లా పుస్తకంలోనే వెతకాలి. చరిత్ర రాసేటప్పుడూ అంతే. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడ్డాయి. "1960లో విజయనగరం జిల్లాలో జన్మించారు" అని రాస్తే అప్పటికి ఆ జిల్లాయే లేదు. "ఇప్పటి విజయనగరం జిల్లాలోని ఫలానా ఊళ్లో" అనండి, గొడవ ఉండదు.

4. ఆధారం సంపాదించండి

పని మొత్తంలో ఎక్కువ కష్టమూ, ఎక్కువ సరదా కూడా ఇక్కడే.

జనాభా, విస్తీర్ణం, సౌకర్యాలకు జనగణన శాఖ వేసిన జిల్లా హ్యాండ్‌బుక్ ఉంది. రెండు భాగాలు, రెండూ వాళ్ల వెబ్‌సైట్లో పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. మొదటి భాగంలో ఊరూరి సౌకర్యాలు, రెండో భాగంలో జనాభా లెక్కలు. పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి ఊరి పేరుకన్నా గ్రామ కోడ్ (జనగణనలో ఊరికిచ్చిన నంబరు) పట్టుకుని వెతకడం తేలిక. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది కనుక ఊరి జనాభాకు ఇప్పటికీ 2011 అంకే గతి. "ఇప్పుడు మా ఊళ్లో ఐదు వేలమంది ఉంటారు" అన్న మన అంచనా అక్కడ చెల్లదు.

చరిత్రకు పాత గెజిటీర్లు, మాన్యువళ్లు, అంటే జిల్లా వివరాలతో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన పుస్తకాలు చూడండి. ఒక చిక్కుంది. బ్రిటిష్ కాలంలో శ్రీకాకుళం ప్రాంతం 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది, దాన్ని చికాకోల్ అని రాసేవారు. కాబట్టి విశాఖపట్నం గెజిటీర్‌లో వెతికి "ఏమీ లేదు" అని వదిలెయ్యకండి, గంజాం జిల్లా మాన్యువల్ తియ్యండి. 1907 నాటి విశాఖపట్నం గెజిటీర్ విజయనగరం, బొబ్బిలి వైపు ఊళ్లకు పనికొస్తుంది. శ్రీకూర్మం, శ్రీముఖలింగం గుళ్ల శాసనాలు దక్షిణ భారత శాసన సంపుటాల్లో అచ్చయ్యాయి. వాటిలో చుట్టుపక్కల ఊళ్ల పాత పేర్లు తగిలితే ఆ ఆనందమే వేరు.

పత్రికలు మంచి ఆధారమే, కానీ ఒక్క పత్రికనే పట్టుకోకండి. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి వచ్చే పక్షులనే చూడండి. "సైబీరియా నుంచి వస్తాయి" అని వార్తల్లో పదేపదే చదివాం. అక్కడ గూడు కట్టే పెలికాన్లూ, పెయింటెడ్ స్టార్కులూ దక్షిణాసియా పక్షులే, గూళ్ల కోసం కొంత దూరం తిరుగుతాయంతే. పక్షుల గురించి రాయాలంటే పక్షుల పుస్తకం చూడాలి. జిల్లా ఎడిషన్ వార్త చూసి ఆగిపోకూడదు.

మా తాత చెప్పారు, ఊళ్లో అందరికీ తెలుసు అన్నవి ఆధారాలు కావు. నాకూ బాధగానే ఉంటుంది. అలాంటివి పారెయ్యకండి, మీ సొంత బ్లాగులో రాసుకోండి. ఎవరైనా పరిశోధకులు తీసుకుని అచ్చులో వేస్తే, అప్పుడు వికీకి ఎక్కుతాయి.

5. మొదటి దిద్దుబాటు చిన్నది చెయ్యండి

అక్షరదోషం ఒకటి దిద్దండి, లేదా మండలం పేరు సరిచెయ్యండి. పేజీ పైన "సవరించు" నొక్కితే వ్యాసం కనబడేట్టే ఉంటుంది, అందులోనే మారుస్తారు. కోడుతో కూడిన రెండో పద్ధతి కూడా ఉంది, మొదట్లో దాని జోలికి వద్దు. ప్రచురించే ముందు "దిద్దుబాటు సారాంశం" అని చిన్న పెట్టె వస్తుంది. దాన్ని ఖాళీగా వదలకండి. "జిల్లా పేరు సరిచేశాను, 2022 మార్పు ప్రకారం" అని ఒక్క ముక్క చాలు. వెనక చూసేవాళ్లకు మీరెందుకు మార్చారో అర్థమైతే సగం తగాదాలు పుట్టవు.

భయంగా ఉంటే మీ "ప్రయోగశాల"లో రాసి చూసుకోండి. అదొక పలక లాంటిది, రాసుకుని చెరుపుకోవచ్చు.

6. అసలు రాత

మాకు తరచూ కనబడే తరహా పేరా ఒకటి చూడండి.

"మా ఊరు చాలా అందమైన, ప్రశాంతమైన గ్రామం. ఇటీవలే కొత్త రోడ్డు వేశారు. ఇక్కడి అమ్మవారి గుడి అతి ప్రాచీనమైనది. అక్టోబరులో జాతర ఘనంగా జరుగుతుంది. గౌరవనీయులైన సర్పంచి గారి కృషి వల్ల ఊరు ఎంతో అభివృద్ధి చెందింది."

"మా ఊరు" అన్న మాటతోనే పని చెడింది. రాసేది మీరొక్కరే కాదు కనుక "ఈ గ్రామం" అనాలి. అందం, ప్రశాంతం మీ అభిప్రాయాలు, రెండూ తీసెయ్యండి. "ఇటీవలే" అంటే ఎప్పుడు? ఈ పేజీని పదేళ్ల తర్వాత చదివేవాడికి అది ఏ ఏడాదో తెలియాలి. ఇటీవల, ప్రస్తుతం, గత ఏడాది అన్న మాటలు వచ్చినచోటల్లా ఆపి సంవత్సరం వెయ్యండి. గుడి ఏ శతాబ్దిదో శాసనమో పుస్తకమో చెబితే రాయండి, లేకపోతే "అమ్మవారి గుడి ఉంది" అని ఊరుకోండి. పండుగ తేదీలను నెలతో కాకుండా పండుగ లెక్కతో చెప్పండి. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. అలా రాస్తే ఏ ఏడాదికైనా చెల్లుతుంది. చివరి వాక్యం మొత్తంగా పోవాలి. సర్పంచి మీ బాబాయి అయితే మరీ ముఖ్యంగా.

గారు, శ్రీ, డాక్టర్ లాంటివి వికీలో పేర్లకు తగిలించరు. మనవాళ్లకు ఇది మింగుడుపడదు, "పెద్దాయన్ని ఏకవచనంలో రాస్తారా" అని కొట్లాటకొస్తారు. తెలుగు వికీ పద్ధతి అదే, బిరుదులుండవు, క్రియ కూడా "పుట్టాడు" అని ఏకవచనంలోనే ఉంటుంది. మామూలు మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు ఎక్కించొద్దు. ఊరి "ప్రముఖులు" అన్న చోట బయట పుస్తకాల్లో, పత్రికల్లో రాయబడ్డ వాళ్లే ఉండాలి.

భాష మీరు మాట్లాడే తెలుగుకు దగ్గరగానే ఉండనివ్వండి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలోనే. ఆయన ఊరి వైపువాళ్లం "విలసిల్లుచున్నది" అని రాస్తే ఏం బాగుంటుంది? ఇంగ్లీషు వ్యాసాన్ని యంత్రంతో అనువదించి తెస్తే మాత్రం ప్రతి వాక్యం చూడండి. "ట్యాంక్" అన్నది చెరువు కాకుండా ట్యాంకుగానే దిగుతుంది. అప్పుడు ఊరి పొలాలన్నీ నీళ్ల ట్యాంకు కింద పండుతున్నట్టు ఉంటుంది.

7. ఆధారాన్ని వాక్యానికి తగిలించడం

ఎడిటర్ పైపట్టీలో కొటేషన్ గుర్తుతో ఒక బటన్ ఉంటుంది. వాక్యం చివర కర్సర్ పెట్టి, దాన్ని నొక్కి, వెబ్ లింకు అతికిస్తే ఆధారం దానంతటదే తయారవుతుంది. తెలుగు సైట్లతో తరచూ తడబడుతుంది. రచయిత పేరు చోట సైటు పేరో, తేదీయో వచ్చి కూర్చుంటుంది. పెట్టాక ఒకసారి తెరిచి చూసి సరిచెయ్యండి. పుస్తకమైతే చేత్తో నింపాలి. పేజీ నంబరు మాత్రం మరవకండి. ఐదువందల పేజీల పుస్తకం పేరొక్కటే ఇస్తే ఇచ్చినట్టు కాదు.

పత్రికల లింకులు ఎక్కువ కాలం బతకవు, ఈపేపర్ లింకులు అసలే బతకవు. వ్యాసంలో పెట్టే ముందు ఆ పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచండి. అరనిమిషం పని. నేను మొదట్లో ఇది చెయ్యక, కష్టపడి వెతికిన ఆధారాలు కొన్ని చచ్చిపోయిన లింకులుగా మిగిలాయి.

8. ఫోటోలు

గూగుల్‌లో దొరికిన ఫోటో వద్దు. పత్రికలోది వద్దు. వాట్సాప్ గ్రూపులో వచ్చింది అసలే వద్దు. మీరు తీసింది మాత్రమే, అది కూడా ఫోన్ నుంచి నేరుగా వికీమీడియా కామన్స్‌కు (వికీపీడియా ఫోటోలుండే సైటు అది) ఎక్కించండి. మీరు తీసినదే అయినా వాట్సాప్‌లో పంపించుకుని ఎక్కిస్తే ఫోటో చిన్నదైపోతుంది, కెమెరా వివరాలు చెరిగిపోతాయి. అప్పుడు "ఇది నిజంగా మీరు తీసిందేనా" అని అడుగుతారు. ఎక్కించేటప్పుడు లైసెన్సు అడుగుతుంది. సీసీ బై-ఎస్ఏ 4.0 ఎంచుకుంటే మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా. అది ఇష్టం లేకపోతే ఎక్కించకండి, తర్వాత వెనక్కి తీసుకోవడం కుదరదు.

గుడి, బడి, చెరువు, గెడ్డ, సంత, బస్టాండు, ఊరి పేరున్న బోర్డు, ఇవన్నీ తియ్యొచ్చు. రోడ్డు పక్క విగ్రహాలకూ ఇబ్బంది లేదు. సినిమా పోస్టర్లు, ఫ్లెక్సీలు, గోడ మీద కొత్తగా వేసిన బొమ్మలు మాత్రం వేరేవాళ్ల సొత్తు. పిల్లల ముఖాలు దగ్గరగా వచ్చేవి మానండి.

9. తీసేస్తే ఏం చెయ్యాలి

వెంటనే మళ్లీ పెట్టకండి. ముందు "చరిత్ర" తెరిచి ఎవరు, ఎందుకు తీశారో వాళ్ల సారాంశం చదవండి. పాత కూర్పులన్నీ అక్కడే ఉంటాయి, మీ రాత ఎక్కడికీ పోలేదు. తర్వాత ఆ వ్యాసం "చర్చ" పేజీలో, "ఫలానా పుస్తకం, ఫలానా పేజీ నా ఆధారం, చేర్చవచ్చా?" అని రాసి చివర నాలుగు టిల్డె గుర్తులు (~~~~) పెట్టండి, మీ సంతకం పడుతుంది. రెండు మూడు రోజులు ఆగండి, వాళ్లకూ పనులుంటాయి. జవాబు రాకపోతే "రచ్చబండ"లో అడగండి. పేరుకు తగ్గట్టే అదొక రచ్చబండ, కొత్తవాళ్లు అడిగితే విసుక్కోరు. నువ్వు తీస్తే నేను పెడతా అని కూర్చుంటే నిర్వాహకులు ఇద్దరినీ ఆపేస్తారు.

పుస్తకంలోంచి దించి రాసినందుకు తీసేశారంటే మాత్రం చర్చ అనవసరం. మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్ల దాకా ఆ పుస్తకానికి హక్కులుంటాయి. చదివి, మూసి, మీ మాటల్లో రాయండి. కరపత్రం దగ్గర నేను తిన్న దెబ్బ ఇదే.

10. సరిగ్గా వచ్చిందా? చూసుకోండి

జనాభా రాశారా, మగ, ఆడ సంఖ్యలు కూడండి. 2011లో ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా మగవారు 13,41,738, ఆడవారు 13,61,376, మొత్తం 27,03,114. కూడితే సరిపోతుంది. మీ ఊరికి సరిపోకపోతే ఎక్కడో అంకె తారుమారైంది. భూమి వినియోగం హెక్టార్లు కూడినా మొత్తం విస్తీర్ణానికి దగ్గరగా రావాలి. పై అంకె నాలుగు మండలాలు విజయనగరానికీ, నాలుగు మన్యానికీ పోకముందుది. దాన్ని ఇప్పటి జిల్లా జనాభాగా రాయడం కూడా మామూలుగా దొర్లే తప్పే.

అక్షాంశ రేఖాంశాలు చూడండి. మన వైపు అక్షాంశం దాదాపుగా 18 చుట్టుపక్కల, ఇచ్ఛాపురం దగ్గరకొచ్చేసరికి 19. రేఖాంశం 83 లేదా 84. ఈ రెండూ అటూఇటూ అయితే మీ ఊరు ఉత్తర ధ్రువం వైపు మంచు సముద్రంలో తేలుతుంది. మ్యాపు మీద ఒక నొక్కు నొక్కితే తెలిసిపోతుంది.

నీలం లింకులన్నీ నొక్కి చూడండి, పక్క మండలంలోని అదే పేరున్న ఊరికి వెళ్తున్నాయేమో. ఎర్ర లింకంటే ఆ పేజీ లేదని, లేదా స్పెల్లింగు తప్పని. చివరగా ఊళ్లో ఇంకొకరికి ఫోన్‌లో చూపించి చదవమనండి. "ఇదెవరు రాశారు?" అని కాకుండా "ఈ చెరువు పేరు తప్పు కదా" అని అడిగితే మీ పేజీ బాగా వచ్చినట్టే. చెరువు పేరు సరిచేసి, ఆ పేజీని మీ "వీక్షణ జాబితా"లో పెట్టుకోండి. ఎవరైనా ముట్టుకుంటే అందులో కనబడుతుంది. ముట్టుకున్నవాళ్లు కొత్తవాళ్లయితే, వాళ్లు రాసింది తీసేసే ముందు చర్చ పేజీలో ఒక మాట రాయండి.